సంపూర్ణమ్మ సవతి

సంపూర్ణమ్మ తన జన్మలో సముద్రాన్ని చూడలేదు. అయినా ఒక యుద్ధనౌక పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. వచ్చి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ, దారి కనుక్కుందామని గేటు దగ్గర ఆగినవాళ్లకూ కూడా ఆమె ఆ ఓడ చరిత్ర మొదటి నుంచి చెప్పేది. ఓడ పేరు కచ్చప్. ఆమె భర్త జకర్యా దాని మీద పనిచేసి రిటైరైన నావికుడు. సంపూర్ణమ్మ మాత్రం దాన్ని ఏనాడూ ఓడ అనలేదు. "మా సవతి" అనేది.

ఆ సంగతి ముందుగా తెలియక, కాబోయే కోడలు గ్రేస్ వాళ్ల నాన్న పెళ్లిచూపుల్లోనే లేచి వెళ్లిపోబోయాడు.

గ్రేస్ వాళ్లది వైరా. నర్సు చదువు పూర్తిచేసి అప్పుడే ఉద్యోగంలో చేరింది. సంపూర్ణమ్మ, జకర్యా తమ కొడుకు డేవిడ్‌ను వెంటబెట్టుకుని కొత్తగూడెం నుంచి చూడడానికి వచ్చారు. డేవిడ్ గనుల్లో ఎలక్ట్రీషియన్. పిల్ల నచ్చింది, పిల్లాడు నచ్చాడు. అంతా బాగుందనుకుంటుండగా సంపూర్ణమ్మ గొంతు సవరించుకుంది.

"మా ఇంట్ల పిల్లకు ఏ బాధ ఉండదన్నా. కాకపోతే ఇద్దరత్తలు. అది ముందే చెప్తున్న."

గ్రేస్ నాన్న చేతిలోని మైసూర్‌పాకు మళ్లీ ప్లేటులో పెట్టేశాడు. "ఇద్దరా?"

"అవ్. మా ఆయనకు నాకన్న ముందే ఆమెతోని కుదిరింది. నేను రెండోదాన్ని."

ఆయన డేవిడ్ వైపు చూశాడు. డేవిడ్ నేల వైపు చూశాడు. జకర్యా కిటికీలోంచి బయటి వేపచెట్టును శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఆవిడ ఇప్పుడెక్కడుంటున్నారమ్మా?"

"పోయింది పాపం, ఎనభై ఏడుల. ముక్కలు ముక్కలు కోసి తూకానికి అమ్మిన్రు."

గ్రేస్ వాళ్లమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుంది. నాన్న లేచి చెప్పుల కోసం చూశాడు.

"మంచి బలమైన మనిషి," అంది సంపూర్ణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నాలుగు వేల టన్నులు."

తలుపు వెనకాల నిలబడిన గ్రేస్‌కు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైంది.

పెళ్లయిన మొదటి వారంలోనే కొత్త కోడలికి పెద్దత్త చరిత్ర మొత్తం అందింది. బియ్యం ఏరుతూ మొదలుపెట్టిన కథ కూర దించేదాకా సాగింది.

"నలభై నాలుగుల పుట్టింది బిడ్డా, స్కాట్లాండుల. అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తున్నది, పేరు పెట్టే తీరిక కూడ లేకపాయె. బస్సుకేసినట్టు నెంబరేసి తోలిన్రు. కడుపు చదునుగుంటది, దోసె పెనం లెక్క. ఎందుకంటవా? తతిమ్మా ఓడలన్నీ రేవుల ఆగుతయ్. మా సవతికి రేవుతోని పనిలేదు. సక్కగ పోయి ఇసుక మీద మూతి పెడ్తది. ఆ మూతి రెండు తలుపులోలె తెరుసుకుంటది. లోపలికెల్లి ర్యాంపు దిగుతది. దాని మీదికెల్లి ట్యాంకులు, జీపులు, సిపాయిలు బిలబిల దిగుతరు."

"మరి మళ్లీ నీళ్లలోకి ఎట్ల పోతది అత్తమ్మా?" అని అడగడం గ్రేస్ చేసిన పొరపాటు.

"గట్లడుగు!" సంపూర్ణమ్మ చేట పక్కన పెట్టేసింది. "ఒడ్డుకు వచ్చేటప్పుడే వెనకాల లంగరేసుకుంట వస్తది. పని కాంగనే ఆ గొలుసు గుంజుకుంట తనంతట తానే వెనక్కి పోతది. ఎవ్వరూ సాగనంపాల్సిన పనిలేదు. గంత మర్యాదస్తురాలు. కాకపోతే కడుపు చదును గద, చిన్న అలకే ఊగుతది. మీ మామ మొదటి ఆర్నెల్లు తిన్నది తిన్నట్టు చేపలకే పెట్టిండు. అయితే, బర్మా దిక్కు పొమ్మన్నరు ఆమెను. ఈమె వస్తున్నదని తెల్వంగనే జపానోళ్లు లొంగిపోయిన్రు."

జపాను లొంగిపోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయని గ్రేస్ స్కూల్లో చదువుకుంది. కొత్త కోడలు కాబట్టి అనలేదు.

యుద్ధం అయిపోయాక ఇంగ్లీషువాళ్లు ఆ ఓడను మనకిచ్చారు. మనవాళ్లు కచ్చప్ అని పేరు పెట్టారు. తాబేలన్నమాట, నీళ్లలోనూ నేల మీదా బతుకుతుంది కాబట్టి. అక్కడి నుంచి అండమాన్. రేవుల్లేని దీవులకు సిమెంటు, రేకులు, పశువులు, కాపురాలకు వెళ్లే కుటుంబాలు, ఒక చర్చి గంట. ఒక్కో ప్రయాణం గురించి సంపూర్ణమ్మ తాను స్వయంగా మూటలు మోసినంత వివరంగా చెప్పేది. ఓడ బరువు కూడా చెప్పేది. పెళ్లిచూపుల నాటికి నాలుగు వేల టన్నులున్నది ఈస్టర్ నాటికి నాలుగున్నర వేలైంది.

వాళ్ల ఇల్లు రైల్వే స్టేషన్‌కు దగ్గర. కొత్తగూడెం స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు. బోర్డు చూసి భద్రాచలం వచ్చేసిందనుకుని దిగిపోయే యాత్రికులు రోజూ ఉంటారు. సంచులు పట్టుకుని వాళ్లు వీధిలోకి వచ్చి, "గుడి ఎటండీ?" అని మొదట కనిపించిన మనిషిని అడుగుతారు. మొదట కనిపించే మనిషి సంపూర్ణమ్మ.

"గుడా? ఇది ఒట్టి రోడ్డు పేరే. ఊరు గోదావరి అవతల, ఇంకా చానా దూరం. బస్సు ఎక్కాలె. బస్సు రానీకి టైముంది, కూర్చోన్రి. గోదావరంటే యాదికొచ్చింది, మా సవతి..."

వాళ్లు మంచినీళ్లు తాగేవాళ్లు, టీ తాగేవాళ్లు, కథ వినేవాళ్లు. బస్సు వచ్చేది, పోయేది. ఒకసారి రాజమండ్రి నుంచి వచ్చిన కుటుంబం అండమాన్ దాకా విని, కల్యాణం టికెట్ల టైము దాటిపోతుందని సంచులు వదిలేసి పరుగెత్తింది. తిరుగు ప్రయాణంలో సంచుల కోసం మళ్లీ రావలసి వచ్చింది. మిగతా సగం అప్పుడు విన్నారు.

చర్చికి ప్రభు అనే కొత్త పాస్టరు వచ్చినప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. సంపూర్ణమ్మ వెళ్లి, "అయ్యగారూ, మా సవతి పోయిన దినం వస్తున్నది. ఇంట్ల జ్ఞాపకార్థ కూటం పెట్టుకుంటం, వచ్చి వాక్యం చెప్పున్రి," అంది. సవతి కోసం కూటం పెట్టించే ఇల్లాలిని ప్రభు గారు అంతకుముందు చూడలేదు. చలించిపోయాడు. సహనం గురించి, క్షమ గురించి గంటసేపు మాట్లాడాడు. ఆ వీధి ఆడవాళ్లంతా నోట్లో కొంగులు కుక్కుకుని విన్నారు.

"ఆ సహోదరి ఫోటో ఏదైనా ఉందామ్మా?" అని చివర్లో అడిగాడు.

సంపూర్ణమ్మ పటం తెచ్చి చేతిలో పెట్టింది. బూడిదరంగు ఓడ, డెక్కు మీద వరసగా నిలబడిన నావికులు. అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికాడు.

"ఇందులో ఆమె ఎక్కడున్నారమ్మా?"

"మొత్తం ఆమేనయ్యగారూ!"

ఇన్ని నవ్వుల మధ్య గ్రేస్‌కు మింగుడుపడనిది ఒకటే. ఓడ మీద పనిచేసిన మనిషి మామయ్య. ఆయన నోటి నుంచి మాత్రం ఓడ మాట ఒక్కటీ వచ్చేది కాదు. వరండాలో కూర్చుని మంచాలకు నులక అల్లుకుంటూ ఉండేవాడు. ఎవరైనా వచ్చి, "జకర్యన్నా, యుద్ధంల నువ్వేం చేసినవే?" అన్నారో, అయిపోయినట్టే. సంపూర్ణమ్మ పిండి చేతులతో వంటింట్లోంచి ఊడిపడేది. ఒకసారి తల మీద షాంపూ నురగతో వచ్చింది. ఇంకోసారి నాలుగిళ్ల అవతల పున్నమ్మ గారింట్లో పసుపు దంచుతూ కూడా ఎలా విన్నదో ఏమో, రోకలితో సహా వచ్చేసింది. రాగానే, "ఆయన్నేం అడుగుతవ్, నేను చెప్త. నలభై నాలుగుల పుట్టింది..."

అంతా చెప్పేది. చిత్రమేమిటంటే, సిమెంటు బస్తాలకు అరగంట, చర్చి గంటకు పావుగంట కేటాయించే సంపూర్ణమ్మ, జకర్యా పాల్గొన్న యుద్ధాన్ని మాత్రం ఒక్క ముక్కలో దాటేసేది. "డెబ్బై ఒకటిల యుద్ధానికి పోయింది, గెలిచి వచ్చింది. ఇగ డెబ్బై రెండుల ఏమైందనుకున్నవ్..."

అత్తకు అసలు కథ తెలియదనీ, మామయ్యను చెప్పనివ్వదనీ గ్రేస్ తేల్చుకుంది. పాపం పెద్దాయన. ఎన్నేళ్లుగా నోరు కట్టుకుని కూర్చున్నాడో!

రెండు వేల ఆరు డిసెంబరులో గ్రేస్‌కు అవకాశం దొరికింది. ఆ యుద్ధం గెలిచి ముప్పై అయిదేళ్లయిందని ఊళ్లో సభ పెడుతున్నారు. కాలేజీ లెక్చరర్ మురళీకృష్ణ ఇంటికి వచ్చాడు. అదృష్టవశాత్తూ సంపూర్ణమ్మ చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్లింది.

"జకర్యా గారిని సన్మానిస్తామండి. ఒడ్డున సైన్యాన్ని దింపిన ఓడ మీద పనిచేశారట కదా. ఆ అనుభవం గురించి రెండు మాటలు చెబితే చాలు."

జకర్యా నులక తాడు మెలి తిప్పుతూనే ఉన్నాడు.

"తప్పకుండ వస్తరు సార్, మాట్లాడుతరు కూడా," అంది గ్రేస్.

సాయంత్రం ఆ మాట విని సంపూర్ణమ్మ ఎగిరిపడుతుందనుకుంది. పడలేదు. "ఒప్పుకున్నవా?" అని మాత్రం అంది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఓడ గురించి వినలేదు.

సభ రోజు గ్రేస్ స్వయంగా మామయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, మెడల్స్ తగిలించింది. హాలు నిండిపోయింది. జకర్యా వేదికెక్కి మైకు అందుకున్నాడు.

"నమస్కారం," అన్నాడు. తరవాత, "మేము ఒడ్డుకు..." అన్నాడు. అక్కడ ఆగాడు.

ముందు వరసలో కూర్చున్న గ్రేస్ చెప్పండి చెప్పండి అన్నట్టు తలూపింది. స్పీకర్లలోంచి టకటకమని చప్పుడు వస్తోంది. మైకు పాడైందనుకుని మురళీకృష్ణ వైరు కదిలించాడు. పాడైంది మైకు కాదు. జకర్యా చెయ్యి వణికి మైకు మెడల్స్‌కు కొట్టుకుంటోంది.

ఈలోగా ఆడవాళ్ల వరసలోంచి సంపూర్ణమ్మ లేచింది. కుర్చీలు జరుపుకుంటూ, కాళ్లు తొక్కుతూ, వేదికెక్కి భర్త చేతిలోని మైకు లాక్కుంది.

"ఆయనకు జలుబు. నేను చెప్త. నలభై నాలుగుల పుట్టింది, స్కాట్లాండుల..."

హాలంతా గొల్లుమంది. మురళీకృష్ణ పరుగున వచ్చాడు. "అమ్మా, మనకు కావలసింది యుద్ధం సంగతి..."

"గక్కడికే వస్తున్న బిడ్డా. అండమాన్ మీదికెల్లి పోవాలె గద!"

వెనక వరసలో ఒక పెద్దాయన, "ఓడ పేరు కెచప్పేనా?" అని పక్కాయన్ని అడిగాడు. ఓడ బరువు ఆ రోజు అయిదున్నర వేల టన్నులకు చేరింది. సిమెంటు వెళ్లింది, రేకులు వెళ్లాయి, పశువులు వెళ్లాయి. సమోసాలు చల్లారాయి. ముఖ్య అతిథి వాచీ చూసుకుని, దణ్ణం పెట్టి కారెక్కాడు. యుద్ధం దగ్గరికి రాగానే సంపూర్ణమ్మ, "పోయింది, గెలిచి వచ్చింది," అని, మురళీకృష్ణ చేతుల్లోని శాలువా తానే తీసుకుని మొగుడికి కప్పి, చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. జనం చప్పట్లు కొట్టీ కొట్టీ అలసిపోయారు. అంత నవ్విన సభ ఆ ఊళ్లో ఈ మధ్య జరగలేదన్నారు.

గ్రేస్ ఒక్కతే నవ్వలేదు. షేర్ ఆటో ఎక్కీ ఎక్కగానే అనేసింది.

"ఒక్క రోజు అత్తమ్మా. ఒక్క రోజు మామయ్యను మాట్లాడనిస్తే ఏం పోయేది? యుద్ధానికి పోయింది ఆయన. మీరు సముద్రం కూడా చూడలేదు."

ఆటోలో ఉన్న పరాయివాళ్లు కూడా గతుక్కుమన్నారు. సంపూర్ణమ్మ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసి నవ్వేసింది.

"అవ్ బిడ్డా. నాకు జర నోరెక్కువ."

మర్నాడు పొద్దున గ్రేస్ డ్యూటీకి బయల్దేరుతుంటే వరండాలోంచి జకర్యా పిలిచాడు. "గ్రేస్, జర కూసో అమ్మా." ఆయన అలా పిలవడం అదే మొదటిసారి. గ్రేస్ నులక చుట్ట పక్కన కూర్చుంది.

"ఆ రోజు ఓడ ఒడ్డుదాక పోలే," అన్నాడు ఆయన తాడు మీది నుంచి కళ్లెత్తకుండా. "మధ్యలనే ఇసుక మేట తగిలి ఆగింది. ఒడ్డొచ్చిందనుకున్నం. ర్యాంపు దింపినోన్ని నేనే. నీళ్లు మోకాళ్ల దాకనే, దిగున్రి దిగున్రి అని అరిచినోన్ని నేనే. ముందు ఇద్దరు సిపాయిలు దిగిన్రు. చిన్న పోరగాండ్లు, వీపు మీద బరువులు. మేట అంచు దాటితే లోతమ్మా. మళ్ల పైకి రాలే."

గ్రేస్ భుజాన ఉన్న డ్యూటీ సంచి దించి కింద పెట్టింది.

"ఇంటికొస్తే అందరు అడిగేది ఆ ముచ్చటే. చెప్పమనేటోళ్లు. చెప్పిననాడు అన్నం దిగకపోయేది. ఒకపాలి మా అన్న ఇంట్ల పెండ్లి, బంతిల కూసున్న. ఎవరో అడిగిండు. నోరు రాలే. వడ్డించుకుంట వచ్చిన మీ అత్త చూసింది. చారు బకెటు కింద పెట్టి, 'ఆయన్నేం అడుగుతవ్, నేను చెప్త' అన్నది." జకర్యా పెదాల మీద నవ్వులాంటిది కదిలింది. "అప్పటికి ఆమెకు తెలిసింది ఒక్కటే, ఓడ ఇనుముతోని చేస్తరని. అది పట్టుకునే గంటసేపు మాట్లాడింది! ఆ తర్వాత నేను లీవు మీద వచ్చినప్పుడల్ల కూసోబెట్టి అడిగేది. 'అదొక్కటి తప్ప అన్నీ చెప్పు' అని. ఎక్కడ పుట్టింది, ఏం మోసింది, ఎట్ల తిరిగింది. అన్నీ నేర్చుకున్నది."

"అదొక్కటీ ఎన్నడూ అడగలేదా మామయ్యా?"

"ఒక్కసారి నేనే చెప్పిన. మళ్ల ఎత్తలే. నిన్న ఆటోల కూడ చెప్పలే, చూసినవు గద, తిట్లు పడ్డది." తాడు ముడి బిగించాడు. "ఆమె చెప్పేది నిజమేనమ్మా. బరువు ఒక్కటి నమ్మకు."

గ్రేస్ ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది. ఆమె లేచి లోపలికి వెళ్లింది. సంపూర్ణమ్మ పొయ్యి దగ్గర చింతపండు పిసుకుతోంది. కోడలు వచ్చి పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"అత్తమ్మా, ఆ చర్చి గంటను ఓడ మీదికి ఎట్ల ఎక్కించిన్రు?"

సంపూర్ణమ్మ పిసకడం ఆపి అనుమానంగా చూసింది. ఇన్నేళ్లలో ఆ కథ కావాలని అడిగిన మనిషి లేదు. తరవాత వరండా వైపు చూసింది. మళ్లీ కోడలిని చూసింది. ఏమి అర్థమైందో ఏమో, "డ్యూటీ లేదా నీకు?" అంటూనే గంట కథ మొదలుపెట్టింది.

క్రిస్మస్ వచ్చింది. సంపూర్ణమ్మ క్యారల్స్ బృందంతో చలిలో ఊరంతా తిరిగి ఇంటింటి ముందూ పాడింది. పండగ పొద్దుటికి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు బుస్సుమనడమే. డేవిడ్ దేవుడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి గ్రేస్ వాళ్ల నాన్నతో పాటు ఆయన స్నేహితుడు వెంకటనారాయణ గారు వచ్చాడు. వైరా దగ్గర పెద్ద రైతు, పూర్వం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బిర్యానీ వడ్డిస్తుండగా ఆయన ఉత్సాహంగా జకర్యా వైపు తిరిగాడు.

"మీరు నేవీలో చేశారటగా! యుద్ధంలో ఏం జరిగిందండీ? మీ నోటితో వినాలని ఉంది."

జకర్యా చేతిలోని ముద్ద అక్కడే ఆగింది. వంటింటి గుమ్మంలో సంపూర్ణమ్మ ప్రత్యక్షమైంది. నోరు తెరిచింది. బుస్సుమంది. చేతులతో ఓడ ఆకారం చూపించింది. వెంకటనారాయణ గారు గుమ్మడికాయేమో అనుకున్నాడు. ఆమె గుడ్లు మిటకరించి కోడలి వైపు చూసింది.

గ్రేస్ రైతా గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"ఆయన్నేం అడుగుతరు పెదనాన్నా, నేను చెప్తా. నలభై నాలుగులో పుట్టింది మా పెద్దత్త, స్కాట్లాండులో..."

గ్రేస్ వాళ్ల నాన్న తలపట్టుకున్నాడు. గ్రేస్ ఆగలేదు. నెంబరేసిన సంగతి, చదును కడుపు, వెనక లంగరు, అన్నీ వరసగా చెప్పుకుపోయింది. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి, పరీక్ష రాస్తున్న పిల్లను చూసే టీచరులా పెదాలు కదుపుతోంది.

"...ఇంక అండమాన్‌కు ఆవులను తీసుకపోయిన్రు. ఓడ నిండా ఆవులే..."

"ఆవులు కాదమ్మా," అన్నాడు జకర్యా. "బర్రెలు."

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. జకర్యా ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నీళ్లు తాగాడు.

"డెబ్బై మూడుల. అప్పటికి యుద్ధమయిపోయి రెండేండ్లు. తుఫాను లేసింది. ఓడ ఊగుతుంటె బర్రెలన్ని ఒకటే అరుపు. ఆ ఊపులనే ఒకటి ఈనింది. కెప్టెన్ సాబు పంజాబీ, దూడను చూసి మురిసిపోయి, ఓడ మీద సిబ్బంది ఒకరు పెరిగిన్రని వైర్లెస్ కొట్టమన్నడు. తెల్లారి దీవికి చేరి ర్యాంపు దింపినం. ఒక్క బర్రె దిగితే ఒట్టు! తోసినం, గుంజినం, బతిమాలినం. నీళ్లు చూసి జడుసుకున్నయ్. ఇగ నేనే ముందు దిగిన. కర్ర పెట్టి లోతు చూసుకుంట, ఆ దూడను భుజాల మీదేసుకుని నడిచిన. దూడ అరిచింది. తల్లి ఉరికొచ్చింది. దాని వెనక తతిమ్మావన్ని వరసగ. ఒక్కటి గూడ మునగలే, కాలు గూడ జారలే. ఒడ్డున జనం నాకు దండేసిన్రు. దూడ ఆ దండ తిన్నది."

వెంకటనారాయణ గారు పొలమారి దగ్గుతూ నవ్వాడు. డేవిడ్ తండ్రిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. సంపూర్ణమ్మ మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని మొగుడి ముందుకు వచ్చి నిలబడింది. ఉన్న కొద్ది గొంతునూ కూడదీసుకుంది.

"ఇది నాకు ఎన్నడూ చెప్పలేదేంది?" అంది బుసబుసలాడుతూ.

జకర్యా తాపీగా ఎముక పక్కన పెట్టాడు.

"నువ్వెన్నడన్న సందిచ్చినవా?"